బడి బస్సు దర్గా దగ్గర ఆగితే

ఏడో తరగతి చదివే అబ్బాయి తల్లి ఒకరు బెంగళూరు నుంచి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు వద్దన్నారు. విషయం ఇదీ.

ఆమెది నెల్లూరు. భర్తది ఆదోని పక్కన పల్లె. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పదమూడేళ్ళుగా వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. పిల్లవాడి బడి నుంచి ఈమధ్య ఒక సర్క్యులర్ వచ్చింది. వచ్చే నెల ఒక శనివారం ఏడో తరగతి పిల్లల్ని ‘సర్వధర్మ యాత్ర’కు తీసుకెళ్తారట. తిగళరపేటలో ధర్మరాయస్వామి గుడి, కాటన్‌పేటలో తవక్కల్ మస్తాన్ దర్గా, శివాజీనగర్‌లో సెయింట్ మేరీస్ బసిలికా చర్చి, అలసూరు చెరువు దగ్గర గురుద్వారా. భోజనం గురుద్వారా లంగరులో, అంటే అక్కడ అందరికీ ఉచితంగా పెట్టే పంక్తిలో. ‘పిల్లలు అన్ని చోట్లా ప్రార్థనలో పాల్గొంటారు’ అని ఒక వాక్యం ఉంది. వచ్చాక ప్రాజెక్టు రాయాలి, దానికి పది మార్కులు. పంపని తల్లిదండ్రులు కారణం రాసివ్వాలి.

“ఆ రాత్రి పదిన్నరకు మావారు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. ‘ఫీజు కడుతున్నది చదువుకి. మా అబ్బాయిని దర్గాకు పంపం’ అని. పొద్దున లేచి చూస్తే నూట నలభై మెసేజులు. గుంటూరువైపు క్రైస్తవులావిడ, ‘మా పాప గుడిలో బొట్టు పెట్టించుకోదు, ప్రసాదం తినదు, మేమూ పంపం’ అన్నారు. మావారు ఫోను నా ముందు పెట్టి, ‘చూశావా, పట్టింపు వాళ్ళకు ఉండొచ్చు, మనకు ఉండకూడదా?’ అన్నారు. మా పక్క బ్లాకులో మావాడి స్నేహితుడి తల్లి, ‘మా ఇంట్లోనూ దర్గాలకు వెళ్ళే అలవాటు లేదు, మసీదయితే సరే’ అని రాశారు. ఇంకెవరో, ‘ఈ గొడవంతా ఎందుకు, వండర్‌లా పార్కుకు తీసుకెళ్ళండి’ అన్నారు. శుక్రవారం లోపు ఫారాలు ఇమ్మనీ, సగం మందైనా రాకపోతే యాత్ర రద్దు చేస్తామనీ బడివాళ్ళు చెప్పారు” అని రాశారామె.

ఉత్తరం మూడో పేజీలో అసలు సంగతి ఉంది. పెళ్లయిన ఐదేళ్ళ వరకు పిల్లలు లేకపోతే ఆమె తల్లి నెల్లూరు రొట్టెల పండుగకు తీసుకెళ్ళింది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి ‘సంతాన రొట్టె’ అందుకుని తిన్నారు. బాబు పుట్టాక మళ్ళీ వెళ్ళి, ఎవరికో రొట్టె ఇచ్చి మొక్కు తీర్చుకున్నారు. “ఆ రోజు కారు నడిపింది మావారే. ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, చంటివాణ్ణి భుజాన వేసుకుని, నీళ్ళలో నా పక్కనే నిలబడ్డారు. ఆ మనిషే ఇప్పుడు ఇలా అంటున్నారు” అని బాధపడ్డారు.

ఇంతలో ఆదోని నుంచి అత్తగారు ఫోన్‌లో, “సమాధులున్న చోటికి పిల్లాణ్ణి పంపుతారా, మైల కాదూ?” అన్నారు. స్పీకర్‌లో ఉన్న ఆ మాట పిల్లవాడి చెవిన పడింది. మర్నాడు లిఫ్టులో వాడు స్నేహితుడితో, “మీ దర్గాకు వస్తే మాకు మైలంట” అన్నాడు. ఆ అబ్బాయి అప్పటినుంచి వీళ్ళింటికి రావడం లేదు. రంజాన్‌కు వాళ్ళమ్మ షీర్ ఖుర్మా పోసి పంపిన స్టీలు డబ్బా ఇంకా వీళ్ళ వంటింట్లోనే ఉంది.

“ఫారంలో ఒక్క సంతకానికే చోటుంది. నేనే పెట్టి పంపేయనా? పెడితే ఇంట్లో యుద్ధం. పెట్టకపోతే నా మొహం నేను చూసుకోలేను” అని ఉత్తరం ముగించారు.

* * *

చూడమ్మా, ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. నేను ఈ ఊళ్ళోనే ఇరవై ఎనిమిదేళ్ళు సోషల్ టీచరుగా పనిచేశాను. ఇలాంటి సర్క్యులర్లు నేనూ రాశాను, ఇలాంటి బస్సులూ ఎక్కించాను. కాబట్టి మీ బడివాళ్ళను ఏమన్నా అందులో సగం నన్ను నేను అనుకున్నట్టే.

మీ ఆయన కోపంలో ఒక న్యాయం ఉంది, ముందు దాన్ని తీసి పక్కన పెడదాం. ‘ప్రార్థనలో పాల్గొంటారు’ అన్న వాక్యం రాయకూడనిది. ఆ సర్క్యులర్ రాసిన టీచరమ్మకు చెడు ఉద్దేశం ఉండి ఉండదు. నాలుగు చోట్లా పిల్లలు చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడతారని చెప్పబోయి ఆ మాట వాడి ఉంటుంది. అయినా చూడటం వేరు, మొక్కడం వేరు. బడి ఎక్కడికైనా తీసుకెళ్ళి చూపించొచ్చు. ఎవరికి మొక్కాలో చెప్పే పని బడిది కాదు.

ఇది నేను పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. ఒకసారి ఆరో తరగతి పిల్లల్ని శిల్పం చూపిద్దామని ఒక పాత గుడికి తీసుకెళ్ళాను. పూజారిగారు ముచ్చటపడి పిల్లల్ని వరసలో నిలబెట్టి అందరికీ కుంకుమ పెట్టారు. నేను నవ్వుతూ చూస్తూ నిలబడ్డాను. బస్సెక్కాక వెనక సీట్లో ఒక పిల్ల చేతిరుమాలు నీళ్ళసీసాలో ముంచి నుదురు రుద్దుకుంటోంది. నుదురంతా ఎర్రబడింది. కుంకుమ వల్ల ఎరుపో, రుద్దడం వల్ల ఎరుపో తెలియలేదు. “మా నాన్న చూస్తే తిడతాడు మిస్” అంది. ఏడవలేదు, అదే నాకు మరీ కష్టంగా అనిపించింది. ఆ పిల్ల వద్దని చెప్పలేకపోవడానికి కారణం పూజారిగారు కాదు, పక్కన నవ్వుతూ నిలబడ్డ నేను. ముప్పైమంది పిల్లల మధ్యలో పన్నెండేళ్ళ పిల్లను పెద్దవాళ్ళు ‘నీకిష్టమైతేనే’ అంటే అది ఇష్టాన్ని అడిగినట్టు కాదు. వెళ్ళకముందే, ఇంట్లో, అమ్మానాన్నల దగ్గర అడగాలి.

మన రాజ్యాంగం చెప్పేదీ దగ్గరదగ్గర ఇదే. 28వ అధికరణంలో మూడో క్లాజు ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో అయినా, ప్రభుత్వ సాయం తీసుకునే బడిలో అయినా చదివేవారిని మతబోధకు గానీ అక్కడ జరిగే పూజా ప్రార్థనలకు గానీ హాజరు కావాలని నిర్బంధించకూడదు. మైనర్లయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి. ఆ మాటలు బడి ఆవరణలో జరిగే వాటి గురించి రాసినవే, బస్సు యాత్రల గురించి కాదు. కానీ అందులోని ఉద్దేశం బడి గేటు దాటగానే ఆవిరైపోదు కదా.

అలాగని బడి మతాల ఊసే ఎత్తకూడదని కాదు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి బోధించడం వేరు, రెండోదానికి రాజ్యాంగం అడ్డు కాదు అని. కాబట్టి ‘చదువు చెప్పమంటే దర్గాలు తిప్పుతారా’ అన్న మీవారి మాట నిలవదు. భక్తి ఉద్యమం, సూఫీలు చరిత్ర పాఠాల్లోనే వస్తారు. నేను బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టినప్పుడు పిల్లలకు తెలిసేది వేరే.

ఇక పాల్గొనకుండా ఉండటం అవమానించినట్టా అని కొందరికి అనుమానం. కేరళలో ముగ్గురు అన్నాచెల్లెళ్ళు తమ మతవిశ్వాసం ప్రకారం జనగణమన పాడేవాళ్ళు కాదు, కానీ పాడుతున్నంతసేపూ మర్యాదగా నిలబడేవాళ్ళు. 1985లో బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. అక్కడ గొడవ గీతం గురించి, ఇక్కడ గుడి గురించి, నిజమే. కానీ నోరు విప్పకుండా మర్యాదగా నిలబడొచ్చు అన్న దారి మీ పిల్లవాడికీ, ఆ గుంటూరువారి పాపకూ ఇద్దరికీ పనికొస్తుంది.

ఆ గుంటూరావిడ మాట మీవారు ఎత్తి చూపిన తీరు నాకు ఆసక్తిగా అనిపించింది. ‘వాళ్ళకు ఉండొచ్చు, మనకు ఉండకూడదా’ అన్నారు కదా. ఉండొచ్చు. ఆయన గమనించని సంగతి ఏమిటంటే, ఆ గ్రూపులో ఆయనకు అందరికంటే దగ్గరగా మాట్లాడిన మనిషి ఆవిడే. ‘మా పిల్ల చేత చేయించకండి’ అని ఆవిడ అడుగుతోంది, ఈయనా అదే అడుగుతున్నారు. వాట్సాప్‌లో అది పోట్లాటలా కనిపించింది. ఒక కాఫీ దగ్గర కూర్చుంటే పది నిమిషాల్లో ఇద్దరూ కలిసి బడికి ఒకే ఉత్తరం రాసేవాళ్ళు.

పక్క బ్లాకు ఆవిడ రాసిన మాట ఇంకా లోతైంది. ముస్లింలు కదా, దర్గా అంటే సంతోషిస్తారని మనం అనుకుంటాం. దర్గాకు వెళ్ళని ముస్లింలు చాలామంది. బసిలికాలో విగ్రహాల ముందు కొవ్వొత్తి వెలిగించని క్రైస్తవులు చాలామంది, ఆ గుంటూరువారూ బహుశా వాళ్ళలో వాళ్ళే. మీ బడివాళ్ళు మతానికో భవనం అని లెక్కేసుకుని నాలుగు టిక్కులు కొట్టారు. ఇళ్ళల్లో లెక్క అలా ఉండదు. మీవారు ‘వాళ్ళ దర్గా’ అంటున్నారే, ఆ దర్గా మీ పక్క బ్లాకువాళ్ళది కాదు. నెల్లూరు రొట్టె లెక్కన చూస్తే వాళ్ళకంటే మీకే దగ్గర!

అన్నట్టు, ఆ టీచరమ్మ ఎంచుకున్న చోట్లు మాత్రం తెలిసి ఎంచుకున్నవే. ధర్మరాయస్వామి గుడి బెంగళూరు కరగ ఉత్సవానికి పుట్టిల్లు. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళ కులస్థుడు ఒకరు స్త్రీ వేషంలో, తలమీద మల్లెపూలు చుట్టిన కరగ కుండతో, ద్రౌపదమ్మ శక్తిని మోసుకుని బయల్దేరుతాడు. చుట్టూ కత్తులతో వీరకుమారులు. ఆ ఊరేగింపు తెల్లవారేలోగా కాటన్‌పేట తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి మరీ వెళ్తుంది. ఏటా అంతే. అంటే ఆ రెండు చోట్లూ ఆమె ఎక్కడినుంచో తెచ్చి జతచేసినవి కావు, ఈ ఊరే కలిపి ఉంచినవి. ఆ ముక్క సర్క్యులర్‌లో రాసి ఉంటే ‘సర్వధర్మ’ అన్న పెద్దమాట అక్కర్లేకపోయేది, సగం గొడవ తగ్గేది. బసిలికాలో మేరీమాతకు చీర కడతారు, సెప్టెంబరు 8 పండుగకు వచ్చే జనంలో బొట్టు పెట్టుకున్నవాళ్ళు బోలెడుమంది. అదీ చెప్పొచ్చు. నన్నడిగితే నాలుగు చోట్లు ఒక్కరోజులో కుక్కడమే తప్పు. వైట్‌ఫీల్డ్ నుంచి కాటన్‌పేట చేరేసరికే పిల్లలు చిప్స్ ప్యాకెట్లు ఖాళీ చేసి వాంతులు మొదలుపెడతారు. గుడి, దర్గా, రెండు చాలు.

మీ అత్తగారి మైల దగ్గరకు వద్దాం. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. ఆవిడకు శ్మశానం నుంచి వస్తే స్నానం, పురుడుకు పది రోజులు, ఇలా జీవితమంతా ఒక పద్ధతి ఉంది. సమాధి అనగానే ఆ పద్ధతి గుర్తొచ్చింది. ఆవిడతో వాదించకుండా ఒక్కటి అడగండి, అదీ ఫోన్లో కాదు, ఈసారి వెళ్ళినప్పుడు ఎదురుగా కూర్చుని: “అత్తయ్యా, మంత్రాలయంలో మనం మొక్కేది దేనికి?” ఆదోని పక్కన పుట్టిన మనిషికి ఇంక చెప్పక్కర్లేదు. రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా ప్రవేశించిన బృందావనం, అంటే సమాధే అది. నవాబు పంపిన మాంసం పళ్ళెం మీద స్వామి నీళ్ళు చల్లితే పండ్లయ్యాయనీ, మంత్రాలయం ఉన్న మంచాల గ్రామం ఆ నవాబే ఇచ్చాడనీ ఆ స్థలపురాణం ఆవిడే మీకు చెప్పి ఉంటుంది. మహనీయుడు ఒరిగిన చోటుకు మైల అంటదని మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే, “వచ్చాక తలంటి పోస్తాను లెండి” అనండి. ఆవిడ పద్ధతి ఆవిడకు దక్కుతుంది, మీ పిల్లవాడికి దర్గా దక్కుతుంది. తలంటికి పోయేదేముంది!

కానీ మీవారి అభ్యంతరం మైల కాదని నా అనుమానం. చంటివాణ్ణి భుజాన వేసుకుని స్వర్ణాల చెరువులో నిలబడిన మనిషికి మైల పట్టింపు ఉండి ఉండదు. ఈ పన్నెండేళ్ళలో ఏదో మారింది. ఫోన్లో పొద్దున్నుంచి రాత్రిదాకా వచ్చిపడే వీడియోలా? ఆఫీసులో ఎవరితోనైనా ఏదైనా అయిందా? పరాయి ఊళ్ళో పెరుగుతున్న కొడుకు తనదైనదేదీ నేర్చుకోవడం లేదన్న దిగులా? తెలుగు చదవడం రాదు, సంధ్యావందనమో సుప్రభాతమో రాదు, ఇక దర్గాలకు తిప్పుతారా అని? ఈ మూడోది నేను చాలామంది తండ్రుల్లో చూశాను. ఉన్నది జారిపోతోందన్న భయం, కొత్తది వస్తోందన్న కోపంలా బయటపడుతుంది. అదే అయితే దానికి మందు వేరు. వాణ్ణి దర్గాకు పంపనంత మాత్రాన తెలుగు వచ్చేయదు కదా.

ఏమిటో మీరే అడగాలి. అడిగేటప్పుడు ఆ రొట్టెను ఆయన మీదకు విసరకండి. ‘ఆ రోజు మొక్కింది మర్చిపోయారా, మీ కొడుకు పుట్టింది ఎవరి దయతో’ అన్నారనుకోండి, మాట మీదే నెగ్గుతుంది, కానీ ఆయన ఆ జ్ఞాపకాన్ని కూడా వదిలేసుకుంటారు. “ఆ రోజు నీళ్ళలో నా పక్కన నిలబడ్డారు, నాకు చాలా ధైర్యంగా ఉండింది” అని ఊరికే గుర్తు చేయండి. గ్రూపు మాట ఎత్తకండి. పిల్లవాడు నిద్రపోయాకే మాట్లాడుకోండి, స్పీకరు ఫోను ఏం చేసిందో చూశారుగా.

ఇప్పుడు సంతకం. మీరొక్కరే పెట్టి పంపొచ్చా అంటే, ఫారం ఒక సంతకమే అడుగుతోంది కాబట్టి బడి తీసుకుంటుంది. కానీ ఆ సాయంత్రం ఏమవుతుందో ఊహించుకోండి. బస్సు తిరిగి రాకముందే తలకు రుమాలు కట్టుకున్న పిల్లల ఫొటోలు అదే గ్రూపులో పడతాయి. అంతకంటే చెడ్డది, ‘నాన్నకు చెప్పకు’ అన్న మాట వాడు రోజంతా జేబులో పెట్టుకుని తిరగాలి. దర్గాలో వాడికి గుర్తుండేది ఆ దొంగతనమే. ఈ దారి వద్దనే నా సలహా. మీవారికి చెప్పి, ఆయన వద్దంటున్నా ‘నేను పెడుతున్నాను’ అని ఎదురుగా పెట్టడం వేరు. అది పోట్లాట, కానీ మోసం కాదు. ఆ పోట్లాట భరించే ఓపిక ఈ వారం మీకుందా లేదా అన్నది మీకే తెలుసు.

ఆయన మాటే విని ఆపేస్తే? కొంప మునగదు. ఒక శనివారం పోతుంది. బడి దానికి శిక్ష వేయకూడదు, పది మార్కులకు బదులు వేరే పని ఇమ్మని మీరు అడగొచ్చు, అడగండి. కాకపోతే వాడికి చెప్పే కారణం చాలా జాగ్రత్తగా ఎంచుకోవాలి. ‘ప్రార్థన చేయిస్తామన్నారు, మనల్ని అడగలేదు, అది మాకు నచ్చలేదు’ అంటే అది వాడికి అర్థమయ్యే, పెద్దయ్యాక కూడా సరే అనిపించే కారణం. ‘అది వాళ్ళ చోటు’ అంటే లిఫ్టులో అన్న మాటకు మీరిద్దరూ ముద్ర వేసినట్టు. ఒకటి మాత్రం మీవారిని సూటిగా అడగాలి: గుడికీ గురుద్వారాకూ పంపి దర్గా ఒక్కటీ మినహాయిస్తారా, మొత్తం మానేస్తారా? ఇంగ్లండులో చట్టప్రకారం పిల్లల్ని మత పాఠాల నుంచి తప్పించే హక్కు తల్లిదండ్రులకుంది. కొందరు దాన్ని మసీదు చూడటానికి వెళ్ళే ఆ ఒక్కరోజుకే వాడుకుంటున్నారని అక్కడి టీచర్ల మొర. బస్సు దర్గా ముందు ఆగినప్పుడు మీవాడు ఒక్కడే సీట్లో కూర్చుంటే, వాడికీ కిటికీలోంచి చూసే స్నేహితుడికీ ఆ రోజు పాఠం అదే అవుతుంది. పంపితే అన్నిటికీ, మానితే అన్నిటికీ.

నాకు ఎక్కువ నచ్చే దారి మూడోది, కాకపోతే శ్రమ ఎక్కువ. శుక్రవారం లోపు బడికి ఒక ఉత్తరం, మీరిద్దరూ, వీలైతే ఆ గుంటూరావిడా కలిసి. గ్రూపులో కాదు, నేరుగా ప్రిన్సిపాల్‌కు. కోపం లేకుండా, ఇలా:

“యాత్ర మంచి ఆలోచన. పిల్లలు చూడటానికీ, అడిగి తెలుసుకోవడానికీ మేం పంపుతాం. ‘ప్రార్థనలో పాల్గొంటారు’ అన్న వాక్యం తీసేయండి. బొట్టు, తీర్థం, ప్రసాదం, దర్గాలో ఇచ్చే మిఠాయి, చర్చి గుమ్మంలో నీళ్ళు, ఇవన్నీ ఇష్టమైనవాళ్ళకే అని అక్కడివాళ్ళకు ముందే ఫోను చేసి చెప్పండి. తలమీద గుడ్డ, చెప్పులు విడవడం ఆ చోటి మర్యాద, దానికి మాకు అభ్యంతరం లేదు. రానివాళ్ళను కారణం అడగొద్దు, మార్కులు తగ్గించొద్దు. తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురు తోడుగా వస్తాం.”

ఇంకొక్కటి, మగవాళ్ళకు తోచనిది. ఏడో తరగతి అంటే ఆడపిల్లలు కొందరికి నెలసరి మొదలై ఉంటుంది. గుడి దగ్గరా, దర్గాలోపలా ‘ఎవరు రాకూడదు’ అని ఎవరో అడుగుతారు. బస్సులో చెయ్యెత్తమనే పరిస్థితి రాకుండా, బయటే ఆగేవాళ్ళు ఎవరైనా కారణం చెప్పకుండా ఆగొచ్చని టీచరు ముందే అనేయాలి. ఆ వాక్యం మీ చేత్తో చేర్చండి. నా ఇరవై ఎనిమిదేళ్ళలో నేను చేర్చలేదు.

తోడుగా వెళ్ళేవాళ్ళలో మీవారు ఉంటే బాగుంటుంది. అడగండి, ‘మీ కళ్ళముందే ఉంటాడుగా’ అనండి. ఆయన రానన్నా, అడిగినందుకు కొంత మెత్తబడతారు. వస్తే, దర్గా గుమ్మంలో ఆయన కొడుకు తలకు రుమాలు కట్టే అవకాశం ఆయనకే ఉంటుంది. ఇక బడి ఇవేవీ ఒప్పుకోకపోతే, లేదా జనం చాలక రద్దు చేస్తే, మీరే వెళ్ళండి. ఏదో ఒక ఆదివారం పొద్దున్నే తిగళరపేట, అక్కణ్ణుంచి కాటన్‌పేట. లేదా వచ్చే రొట్టెల పండుగకు నెల్లూరు. తన పుట్టుకలో ఒక రొట్టె ముక్క ఉందని వాడికి చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు కానీ, ఉత్తరం అంతా ఆ ప్రశ్న ఉంది. చెప్పాలి. మీరొక్కరే, ఈ గొడవ మధ్యలో, నాన్నకు వ్యతిరేకంగా మాత్రం కాదు. ఇద్దరూ కూర్చుని చెప్పే రోజు వచ్చేదాకా ఆగండి. నీళ్ళలో నిలబడ్డ కథ వాళ్ళ నాన్నే చెబితే ఇంకా బాగుంటుంది.

ఇవన్నీ శుక్రవారం దాకా ఆగినా పర్వాలేదు. ఆ లిఫ్టు మాట మాత్రం ఆగేది కాదు. మీవాడు కావాలని అన్నది కాదు, పెద్దలన్నది అప్పజెప్పాడు. అందుకే క్షమాపణ వాడొక్కడి చేత చెప్పించి చేతులు దులుపుకోకండి. ఇవాళ సాయంత్రం మీరు వాణ్ణి వెంటబెట్టుకుని పక్క బ్లాకుకు వెళ్ళండి. పెద్ద ఉపన్యాసం వద్దు. “మా ఇంట్లో అన్న మాట వీడు మోసుకొచ్చాడు, తప్పు మాది” అని ఆవిడతో అనండి, ఆ అబ్బాయి వినేలా. గ్రూపులో ఆవిడ దర్గా గురించి రాసిన మాట మీకు కొత్త సంగతి నేర్పిందని కూడా చెప్పండి, నిజమే కదా. తర్వాత పిల్లలిద్దర్నీ వదిలేయండి, బంతి వాళ్ళే వెతుక్కుంటారు.

వెళ్ళేటప్పుడు ఆ స్టీలు డబ్బా తీసుకెళ్ళండి. ఇన్నాళ్ళు అది మీ వంటింట్లో ఎందుకుందో నాకు తెలుసు, ఖాళీగా ఇవ్వడానికి మనసొప్పక. నాలుగు అరిసెలు వేయండి, లేకపోతే నెల్లూరు నుంచి ఎవరైనా వస్తుంటే మలైకాజాలు తెప్పించండి. అదీ కుదరకపోతే ఇంట్లో పంచదార అయినా పోసివ్వండి.